పిప్పి క్యాసెట్టు

మా అమ్మాయి ఫోనులో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. నేను పట్టించుకోను. ఆ సాయంత్రం కూడా పట్టించుకోకుండా చపాతీ పిండి కలుపుతున్నాను. హాల్లో అది సోఫా మీద కాళ్లు ముడుచుకుని రీల్స్ చూస్తోంది. ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి, ఏదీ చివరిదాకా వినిపించదు. వాటి మధ్యలో ఒక సంగీతం ముక్క వచ్చింది. మాటలు లేవు. కింద బేస్ గిటారు గెంతుతూ పోతోంది. దాని మీద కీబోర్డు ఒక స్వరాన్ని కిందినుంచి జారుతూ జారుతూ వెళ్లి అందుకుంది.

పిండిలో నా చేతులు ఆగిపోయాయి.

"మల్ల పెట్టు!" అని అరిచాను.

"ఏంది అమ్మా?"

"గిప్పుడు పోయింది సూడు, గది. మల్ల పెట్టు."

అది మళ్లీ పెట్టింది. మన నిజామాబాద్ మార్కెట్ యార్డు వీడియోనే. గోనెల్లోంచి పసుపు కొమ్ములు రాశిగా జారుతున్నాయి, హమాలీలు అటూ ఇటూ తిరుగుతున్నారు, వెనకాల ఆ సంగీతం. ఎవరు పెట్టారో, ఎక్కడి నుంచి తెచ్చి పెట్టారో. చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి దాని పక్కన నిలబడ్డాను.

"ఇది నేను వాయించిన" అన్నాను.

మా అమ్మాయి నా ముఖం చూసింది. తర్వాత పిండి అంటిన నా చేతులు చూసింది. "నీకు వాయించొస్తదా?" అంది.

పుట్టినప్పటి నుంచి నాతో ఒకే ఇంట్లో ఉన్న పిల్ల అడిగిన మాట అది. దాని తప్పేం లేదు. నేను కీబోర్డు ముట్టుకోవడం అది ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో నా వేళ్లు చేసిన పని వంట, కుట్టు, అత్తమ్మ ఉన్నన్నాళ్లు ఆమెతో పాటు బీడీలు చుట్టడం, ఆమె పోయాక కిరాణా కొట్లో పొట్లాలు కట్టడం. కొట్టు మూసి ఇంటికొచ్చిన మా ఆయన కూడా అదే అడిగాడు.

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"చెప్పిన. పెండ్లైన కొత్తల చెప్పిన. మంచిగనే ఉంది అన్నవ్."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "అనే ఉంట" అని స్నానానికి వెళ్లాడు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. బాధ కాదు, సంతోషమూ కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

*

మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేసేవాడు. మేము ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. చెరుకు ఆడే సీజన్ మొదలైందంటే ఊరంతా మడ్డి వాసన. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. బాపుకు భజనలంటే ప్రాణం. భజన మండలి హార్మోనియం మా ఇంట్లోనే పెట్టేవారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే దాని మీద నా చెయ్యి తిరిగింది.

ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే ఒకాయన ఉండేవాడు. వాళ్లది నాందేడ్ వైపు. వయసులో ఉండగా బొంబాయి వెళ్లిపోయి అక్కడి హోటళ్లలో బేస్ గిటారు వాయించాడట. ఇంట్లోవాళ్లు వెతికి పట్టుకొచ్చి పెళ్లి చేసి ఉద్యోగంలో పెట్టారు. అందరూ ఆయన్ని గిటారన్న అనేవారు. బొంబాయి నుంచి తెచ్చుకున్న పెద్ద పెద్ద రికార్డులు కొన్ని ఆయన దగ్గర ఉండేవి. వాటి అట్టల మీద గుండ్రటి జుట్టున్న నల్లజాతి సంగీతకారులు చెమటలు కక్కుతూ వాయిస్తున్న ఫోటోలు. ఆ రికార్డులు ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

గిటారన్న ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. డ్రమ్ములకు చక్కెర సంచులు కుట్టే చోట పనిచేసే ఒకన్న దొరికాడు. కూర్చున్నచోట కుదురుగా ఉండేవాడు కాదు, చేతికందిన దాని మీదల్లా దరువు వేసేవాడు. పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్ ఊదే ఇంకో అన్న మోస్రా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. కీబోర్డు అప్పుడే కొన్నారు, వాయించేవాళ్లు లేరు. మా బాపును అడిగారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. బాపు వారం రోజులు మాట్లాడలేదు. చివరికి, "నేను గుడ వస్త. నేను కూసున్నంతసేపే ఆమె వాయిస్తది" అన్నాడు. అట్లా ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు గదిలో మేం నలుగురం వాయిస్తుంటే, బాపు తలుపు పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు.

వినాయక మండపాల దగ్గర, పెళ్లిళ్లలో సినిమా పాటలే వాయించేవాళ్లం. కానీ ప్రాక్టీసు అయిపోయాక గిటారన్న ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. "గిది సూడుండ్రి" అని బేస్ మీద ఏదో మొదలుపెట్టేవాడు. "దీన్ని ఫంక్ అంటరు. జాజ్ అని ఇంకోటి ఉంటది. రెండూ కలిపితే మజా. మొదటి దెబ్బ మీద అందరం ఒక్కతాన కలవాలె. తర్వాత ఎవల తొవ్వ వాళ్లది. మల్ల మొదటి దెబ్బకు రావాలె, అంతే." ట్రంపెట్ అన్నకు ఆ మాటలేవీ ఎక్కేవి కావు. ఆయన పెళ్లి ఊరేగింపులో, బరాత్‌లో ఊదినట్టే ఊదేవాడు. గిటారన్న తలకొట్టుకునేవాడు. రెండు మూడు నెలలు పోయాక ఆ బరాత్ ఊదుడే మా సంగీతానికి అందమని ఆయనకే అర్థమైంది.

అట్లా ఆరు పాటలు తయారయ్యాయి. పాటలు అంటున్నాను కానీ వాటిలో ఒక్క మాట లేదు. రెండో వైపు మొదటి పాట మాత్రం నేను కట్టాను. ఫ్యాక్టరీ సైరన్ మొదట సన్నగా మొదలై, మెల్లగా ఎక్కి, ఒకచోట నిలబడుతుంది కదా. నాకు చిన్నప్పటి నుంచి ఆ ఎక్కడం ఇష్టం. బాపు షిఫ్టు అయిపోయిందని చెప్పేది అదే. కీబోర్డుకు ఎడమపక్క ఒక చిన్న చక్రం ఉండేది. దాన్ని తిప్పితే స్వరం జారేది. అట్లా జార్చుతూ మొదలుపెట్టి, దాని వెంట చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాను. రెండు ఆదివారాల్లో అది పూర్తయింది.

హైదరాబాదులో ఒక చిన్న రికార్డింగ్ గదిలో ఒక్క రోజులో అన్నీ వాయించాం. రికార్డింగ్ చేసేటాయన మైకులు సర్ది, చాలాసేపు ఎదురుచూసి, "సింగర్ ఎప్పుడొస్తాడండీ?" అని అడిగాడు. లేడంటే మా వంక అదోలా చూశాడు.

క్యాసెట్టుకు 'పిప్పి' అని పేరు పెట్టింది గిటారన్నే. రసం ఫ్యాక్టరీ తీసుకుంటుంది, మిగిలింది మనదే అని నవ్వేవాడు. అట్ట మీద చెరుకు లోడు ట్రాక్టర్ ఫోటో వేశారు. ముగ్గురి పేర్లు వేశారు. నా పేరు వెయ్యలేదు. బాపు ముందే చెప్పాడు, సంబంధాలు చూస్తున్నాం, ఆర్కెస్ట్రా పిల్ల అంటారు అని. కీబోర్డు అని రాసి పక్కన 'మిత్రులు' అని పెట్టారు. సంగీతం అన్నచోట గిటారన్న పేరొక్కటే ఉంది. అది చూసి నేనేమీ అనలేదు. ఆ వయసులో, ఆ ఇంట్లో, ఏమనాలో నాకు తెలియదు.

క్యాసెట్టు ఎవరికీ పట్టలేదు. పాట లేని క్యాసెట్ అని దుకాణాల వాళ్లు వాపసు ఇచ్చారు. కొన్నవాళ్లు కూడా, వేరే పాటలు ఎక్కకుండా మేం క్యాసెట్టు పైన విరిచిన చోట టేపు ముక్క అతికించి దాని మీద సినిమా పాటలు నింపుకున్నారు. మా పక్క క్వార్టర్ వాళ్ల దగ్గర ఉన్న 'పిప్పి'లో ట్రంపెట్ అయిపోగానే వాళ్ల పిల్లోడి పుట్టినరోజు గోల వినిపించేది.

ఆ తర్వాత ఏడాదే నాకు నిజామాబాద్ సంబంధం కుదిరింది. చాలా ఏళ్లకు ఫ్యాక్టరీ ఆగిపోయింది. బాపు అంతకుముందే పోయాడు. ఎవరు ఎటు పోయారో నేను అడగలేదు.

*

మా అమ్మాయి పది నిమిషాల్లో అంతా తవ్వి తీసింది. పుణెలో ఉండే ఒకతను పాత సామాన్ల బజార్లలో క్యాసెట్లు ఏరి నెట్‌లో పెడుతుంటాడట. నాందేడ్‌లో అతనికి 'పిప్పి' దొరికింది. దాని కింద ఎక్కడెక్కడి వాళ్లో రాశారు. బ్రెజిల్ నుంచి ఒకరు, జపాన్ నుంచి ఒకరు. మా అమ్మాయి ఒక్కొక్కటీ తెలుగులో చెబుతోంది. ఈ బేస్ ఎవరిది, ఈ ట్రంపెట్ పిచ్చి పట్టినట్టుంది, ఇది ఇన్నాళ్లు ఎక్కడ దాక్కుంది. కీబోర్డు ఎవరన్న దాని మీద పెద్ద చర్చ జరుగుతోంది. బొంబాయి సినిమా వాళ్లెవరో దొంగచాటుగా వచ్చి వాయించారని ఒకాయన గట్టిగా వాదిస్తున్నాడు.

"వాయించినాయన అని రాస్తున్నరమ్మా అందరూ" అని మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అది పుణె అతనికి రాసింది. అతను మర్యాదగానే జవాబిచ్చాడు. ఇంతకుముందే ఇద్దరు ముగ్గురు మేమే వాయించామని చెప్పారట, ఏమనుకోవద్దు, బ్యాండులో వాళ్లెవరైనా చెబితే బాగుంటుంది అన్నాడు.

నేను ఎవరికి నిరూపించాలి, ఎందుకు నిరూపించాలి? ఈ ప్రశ్న మా ఆయన అడిగాడు. నాకు నేనూ వేసుకున్నాను. కొట్లో కందిపప్పు జోకుతున్నా అదే. చేతులు తక్కెడ మీద ఉంటే వేళ్లు కింద బల్ల మీద కదులుతుండేవి. ఒక ఆదివారం పొద్దున, "బోధన్ పోదాం పద" అని మా అమ్మాయిని లేపాను.

*

డ్రమ్ములన్న చనిపోయి చాలా రోజులైందని క్వార్టర్ల దగ్గర ఎవరో చెప్పారు. ఆయన భార్య పాత బస్టాండు వెనక గల్లీలో ఉంటోంది. మేం వెళ్లేసరికి గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. బాపు పేరు, తూకం కాడ అని చెబితే కత్తెర పక్కన పెట్టింది.

"నువ్వా! పెట్టె వాయించే పోరివి గదా! మా ఆయన జెప్పేటోడు, తూకపాయన బిడ్డ మంచిగ వాయిస్తదని."

"నువ్వు ఎన్నడన్న విన్నవా అక్కా, అన్న వాయించంగ?"

"యాడ వినాలె? ఆర్కెస్ట్రా కాడికి ఆడోళ్లం పోయేటోళ్లమా? ఇంట్ల పళ్లెం మీద కొట్టుడు విన్న. అన్నం తింటుండంగ గుడ టకటక. తిట్టేదాన్ని."

మా అమ్మాయి ఫోను తీసి పాట పెట్టింది. ఆమె తల వంచి విన్నది, చేతులు మాత్రం తునికాకు మీద కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి అడిగింది.

"దీంట్ల మా ఆయన ఏది?"

పక్కన కూర్చుని వేలితో గాలిలో చూపించాను. "గా టక్కుమనేది అన్ననే. కింద గుబుగుబు అంటున్నది సూడు, అది గుడ అన్ననే. సన్నగ చిస్ చిస్ అనేది గుడ."

"గియ్యన్ని ఒక్కడేనా?"

"రెండు చేతులు, రెండు కాళ్లు."

"కాళ్లు గుడనా?" అని ఆశ్చర్యపోయింది. తర్వాత, "మిగిలినయి బంద్ జెయ్యరాదా? మా ఆయనొక్కడే ఇనాలె" అంది.

మిగిలినవి ఆపడం కుదరదని మా అమ్మాయి చెప్పబోయింది. నాకు గుర్తొచ్చింది. మొదటి వైపు చివరి పాటలో ఒకచోట మేం ముగ్గురం ఆగిపోతాం, ఆయన ఒక్కడే వాయిస్తాడు. గిటారన్న ఆయనకు ఎక్కువసేపు ఇవ్వలేదు. ఇచ్చినంతలోనే ఆయన ఊపిరాడనివ్వలేదు. ఆ చోటు వెతికి పెట్టాం. బీడీ చుట్టే చేతులు ఆగాయి. అయిపోయాక, "ఇంకోపారి" అంది. మళ్లీ పెట్టాం. మళ్లీ. లోపలి నుంచి మనవడెవరో బయటికి వచ్చి చూసి వెళ్లాడు.

"ఇగ సాలు" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "తిట్టకపోదును గదా. గిట్లుంటదని నాకెవరన్న జెప్పిన్రా?"

మేం వచ్చిన పని చెప్పాం. ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "నువ్వే వాయించినవని నాకు ఎర్కనే. కని నేను సూడలె గదా బిడ్డా. సూడనిది సూసిన అంటే మంచిగుండదు. మోస్రా పో. పీక ఊదేటాయన ఉన్నడు."

వెళ్లేముందు మా అమ్మాయి ఆ ముక్కను విడిగా కోసి ఆమె ఫోనులో పెట్టింది. ఎట్లా నొక్కాలో చూపించింది. మేం గల్లీ మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఆ డ్రమ్ముల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

*

మోస్రాలో ట్రంపెట్ అన్న ఇల్లు తేలిగ్గానే దొరికింది. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నవ్వితే ముందు పళ్లు లేవు.

"షుగర్ ఫ్యాక్టరీ బంద్ అయింది, షుగర్ నాకొచ్చింది చెల్లే" అన్నాడు. "పళ్లన్ని కదిలిపోయినయ్. పళ్లు లేకపాయె, ఇగ యాడ ఊదుడు? మా అన్న కొడుకులు బ్యాండు నడుపుతున్నరు. పీక వాళ్లకే ఇచ్చేసిన."

చెరుకు మానేసి వరి వేస్తున్నారట. టీ తాగుతూ పాటలన్నీ విన్నాడు. తాను ఊదినచోట కళ్లు మూసుకుని పెదవులు బిగించాడు. ఒక స్వరం దగ్గర, "సూసినవా, పగిలింది. గప్పుడు గుడ గిది నాకు మనసున పట్టలే. మల్ల ఊదుత అంటే టైం లేదన్నడు గా రికార్డింగాయన" అని చిరాకుపడ్డాడు. జపాన్ వాళ్లకు ఆ పగిలిన చోటే నచ్చిందని మా అమ్మాయి చెబితే, "వాళ్లకేం తెలుసు" అన్నాడు.

సంగతి చెప్పాం. ఆయన వెంటనే లేచి చొక్కా వేసుకుని, దువ్వుకుని వచ్చి ఫోను ముందు కూర్చున్నాడు. "పెట్టె వాయించింది గీ చెల్లెనే. ఇంకెవ్వరు లేరు. బొంబాయోడు లేడు, గింబాయోడు లేడు. ఆమె బాపు పేపర్ సదువుకుంట పక్కన్నే ఉండె" అన్నాడు. ఫోను ఆపాక నావైపు తిరిగి అడిగాడు.

"మరి రెండో దిక్కు మొదటి పాట? గది కట్టింది నువ్వు గదా? సంగీతం అని గిటారన్న తన పేరు ఒక్కటే ఏసుకున్నడు. గప్పుడే అడుగుదామనుకున్న. నువ్వే సప్పుడు జెయ్యకపోతివి, నేనెందుకని ఊకున్న."

ఆ రాత్రికి పుణె అతను కీబోర్డు పక్కన నా పేరు పెట్టేశాడు. అభినందనలు రాశాడు. బ్రెజిల్ ఆమె గుండె బొమ్మలు పెట్టింది. మా ఆయన కొట్లో వచ్చినవాళ్లకల్లా చూపించాడు.

"అయిపోయింది గదమ్మా" అంది మా అమ్మాయి.

అయిపోలేదు. పేరు వచ్చాక నాకు ఇంకా కాలు నిలవలేదు. ఇన్నేళ్లు లేని కోపం ఎక్కడి నుంచో వచ్చింది. ఆ పాట కింద జనం గిటారన్నను పొగుడుతుంటే చదివించుకుని వినేదాన్ని, మళ్లీ చదవమనేదాన్ని. ఏడుపు రాదు. కోపం బయటికి రాదు. గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. ఒకరోజు మా ఆయనే అన్నాడు, "పోయి అడుగరాదు? గాయన ఉన్నడు గదా."

ఉన్నాడు. బాల్కొండ దగ్గర హైవే మీద అల్లుడి మోటార్ వైండింగ్ దుకాణంలో ఉంటున్నాడని ట్రంపెట్ అన్న చెప్పాడు.

*

ఆర్మూర్‌లో బస్సు మారి మేం బాల్కొండలో దిగేసరికి ఎండ మాడుతోంది. దుకాణం ముందు కాలిపోయిన బోరు మోటార్లు వరసగా పడి ఉన్నాయి. లోపల గిటారన్న బల్ల ముందు కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. వేళ్లు మాత్రం అవే, పొడుగ్గా, ఎముకలు తేలి. నేనెవరో చెప్పకముందే, "అరే! కీబోర్డ్!" అని లేచాడు. కుర్చీ వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. నెట్‌లో వస్తున్నదంతా ఆయనకు తెలుసు. మనవరాలు చూపిస్తోందట.

"సూసినవా? నేను గప్పుడే జెప్పలేదా, ఇది టైంకు ముందు వచ్చిందని?" అన్నాడు. బొంబాయి గురించి చెప్పాడు. ఆ రికార్డులకు చెదలు పట్టిన సంగతి చెప్పాడు. మేం మాట్లాడే సందు లేదు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు నేనన్నాను.

"అన్నా, రెండో దిక్కు మొదటి పాట నాది."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "నీదంటే? నువ్వు వాయించినవ్. ఎవరు కాదన్నరు? నీ పేరు వచ్చింది గదా."

"వాయించుడు కాదు. కట్టింది నేను."

"చూడమ్మా, ఆర్కెస్ట్రాల నాది నీది అని ఉండదు. బేస్ లైను ఎవరిది? నాది. బేస్ లేకపోతే పాటేది?"

"బేస్ నీదే. కని పాట నాది. నువ్వు పేరు ఒక్కటే ఏసుకున్నవ్."

"మీ బాపు నీ పేరు వద్దన్నడు. ఖాళీ పెట్టాల్నా అక్కడ?" ఆయన గొంతు లేచింది. పక్కన పనిచేస్తున్న అల్లుడు తలెత్తి చూశాడు. "ముప్పై ఏండ్లకు గిది పట్టుకొచ్చి అడుగుతున్నవా నువ్వు?"

మా అమ్మాయి నా భుజం పట్టుకుంది. లేచి వచ్చేద్దామనుకున్నాను. వెనక గదిలో బల్ల మీద మనవరాలి కీబోర్డు కనిపించింది. ఆయన్ని అడగలేదు. వెళ్లి దాని ముందు కూర్చున్నాను.

ఎంత ఘోరంగా వాయించానో చెప్పలేను. వేళ్లు మొద్దుబారిపోయాయి. కుడిచేయి పోయినచోటికి ఎడమచేయి పోదు. మొదటి స్వరం నేరుగా నొక్కి, అక్కడి నుంచి తడబడుతూ, తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ వెళ్తున్నాను. గిటారన్న గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఆయన వల్ల కాలేదు.

"అరే గట్ల కాదు! సక్కగ పోతున్నవ్ నువ్వు. గప్పుడు నువ్వు గట్ల సక్కగ పోలె, కిందికెల్లి జారుకుంట పోయినవ్, సైరన్ లెక్క. నేను తిట్టిన నిన్ను, ఇదేం పాట, సీదా పట్టు అని. నువ్వు ఇన్నవా? ఇనలె. రెండు ఆదివారాలు నన్ను సతాయించి..."

అక్కడ ఆగిపోయాడు.

నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకునే ఉన్నాను. హైవే మీద లారీలు పోతున్నాయి. ఆయన వచ్చి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"నేను మర్శిపోయిన" అన్నాడు. కొంచెం ఆగి, "మర్శిపోయిన్నో, మర్శిపోవాలనుకున్ననో" అన్నాడు. "ఆరు పాటలల్ల మంచిది గదే. నాకు గప్పుడే తెలుసు."

క్షమించమని అనలేదు. ఆయన అనే మనిషి కాదు. మా అమ్మాయి ఫోను పట్టుకుంటే, దానివైపు చూసి గట్టిగా చెప్పాడు. "రెండో సైడు మొదటి పాట కట్టింది ఈమె. మిగిలిన ఐదు నేను." ఆ ఐదు అన్న మాటను రెండుసార్లు చెప్పాడు.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు మనసు తేలిక పడాల్సింది. పడలేదు. సంతోషంగానే ఉంది, కానీ నా వేళ్లు నా మాట వినలేదన్న సంగతి లోపల గుచ్చుతోంది. నా పాట నాదని ఆయన ఒప్పుకున్నాడు, అది నాకు వాయించరాలేదు. ఆర్మూర్ దాటాక మా అమ్మాయితో అన్నాను, "ఒక కీబోర్డు కొనాలె."

*

పుణె అతను 'పిప్పి'ని పెద్ద రికార్డుగా అచ్చు వేయించాడు. దాని మీద నాలుగు పేర్లున్నాయి, రెండో వైపు మొదటి పాటకు సంగీతం నాదని కూడా ఉంది. ఎవరి పేరు ముందు రావాలని గిటారన్న అతనితో నెలరోజులు కొట్లాడాడు. బోధన్ అక్క తనకు పంపిన రికార్డును గోడకు తగిలించింది. ట్రంపెట్ అన్న ఆ పగిలిన స్వరాన్ని ఇప్పుడైనా తీసేయొచ్చు గదా అని ఫోను చేసి అడిగాడట.

కొట్టు వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య కీబోర్డు పెట్టుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వాయిస్తాను. మొదట్లో కారం కొనడానికి వచ్చిన ఆడవాళ్లు లోపలికి తొంగిచూసేవారు. ఇప్పుడు అలవాటైంది. మా ఆయన వాళ్లతో, "గది అట్లనే ఉంటది, మీరు చెప్పుండ్రి, ఎంత కావాలె" అంటాడు. వేళ్లు కొంచెం తిరుగుతున్నాయి. ఎడమచెయ్యి ఇంకా మొండికేస్తుంది.

రెండు వారాలకొకసారి ఆదివారం బాల్కొండ వెళ్తున్నాను. గిటారన్నే పిలిచాడు. దుకాణం షట్టరు సగం దించి, మోటార్లు పక్కకు జరిపి వాయిస్తాం. ఆర్మూర్ బ్యాండులో డ్రమ్ములు వాయించే అమ్మాయి ఒకామె వస్తోంది. ట్రంపెట్ అన్న ఊదలేడు గానీ వస్తాడు. మూలన కూర్చుని, ట్రంపెట్ రావాల్సినచోట నోటితోనే "పాం పాపాం" అని అంటాడు. అది నవ్వులాటగా మొదలైంది. ఇప్పుడు అది లేకపోతే మాకు వాయించబుద్ధి కాదు.

కొత్త పాట ఒకటి పట్టుకున్నాం. సగం నాది, సగం ఆయనది. అది ఇద్దరికీ నచ్చని ఏర్పాటు. నిదానంగా పోవాలని ఆయన, తొందరగా పోవాలని నేను. మొన్న ఆదివారం దాని మీదే గొడవ. ఆయన బేస్ పక్కన పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాడు. నేను కీబోర్డు ఆపేశాను. డ్రమ్ముల అమ్మాయి మా ఇద్దరినీ చూసి, మెల్లగా దరువు మొదలుపెట్టింది, ఆయన అడిగినంత నిదానంగా కాదు, నేను అడిగినంత వేగంగానూ కాదు.

గిటారన్న షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు.

"గిదేం స్పీడే పిల్లా?" అన్నాడు, బేస్ తీసుకుంటూ.

మా ఆయన ఫోను చేశాడు, ఆర్మూర్ బస్సు తప్పిపోతుందని. తర్వాతి దానికి వస్తానని చెప్పి పెట్టేశాను.